మూడు తలుపుల వరస

మార్జరీ థర్లో మళ్ళీ టేపు తీసింది. లేవగానే ఒకసారి కొలిచింది, టీ తాగాక కొలిచింది, కప్పు కడుగుతూ మధ్యలో వదిలేసి తడిచేతులతో వచ్చి కొలిచింది. వీధి గుమ్మం ప్రతిసారీ ఒకే కొలత చూపించింది. నాలుగు వందల ఏళ్ళుగా అక్కడే నిలబడ్డ ఓక్ గుమ్మం, ఒక ముసలామె కంగారు చూసి పక్కకు జరుగుతుందా?

నిన్న ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ ఇల్లు చూడ్డానికి వచ్చింది. కుర్చీ గుమ్మంలో ఇరుక్కుంది. ఆ అమ్మాయి ముందుకు తోసింది, వెనక్కి లాగింది, వాలుగా తిప్పి చూసింది. చివరికి వేళ్ళ కణుపులు దోక్కుపోయి, చెయ్యి విదిలించుకుంటూ, "వెనక తలుపు లేదా అండీ?" అని అడిగింది.

"ఉంది. అది ఇంకా సన్నం. పైగా మెట్లు."

"అలాగైతే మీవారిని ఇంటికి పంపడం కుదరదండీ. సోమవారం నుంచి వృద్ధుల్ని చూసుకునే విల్లోబ్యాంక్‌లో చోటుంది. అక్కడ బాగానే చూస్తారు. తాత్కాలికంగానే లెండి."

తాత్కాలికంగా అన్న మాట మార్జరీ ఇంతకుముందు విన్నది. అదే వరసలో అవతలి చివరింటి ఐవీ క్యాచ్‌పోల్‌ని కూడా విల్లోబ్యాంక్‌కి తాత్కాలికంగానే తీసుకెళ్ళారు. ఐవీ రెండో చలికాలంలో అక్కడే పోయింది.

ఆ మధ్యాహ్నం నుంచి మార్జరీ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. భర్త ఆబ్రీ కూర్చునే కుర్చీ దగ్గరికి వెళ్ళి దిండు సర్దుతుంది. సర్దిన దిండునే మళ్ళీ సర్దుతుంది. యాభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఎప్పుడూ ఇన్ని రోజులు కంటికి కనిపించకుండా పోలేదు. చేపలు పట్టడానికని గురువారం గురువారం వెళ్ళేవాడు, అంతే. ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు గానీ సాయంత్రానికి మాత్రం ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు కుడి పక్క పడిపోయి, నాలుక మడతపడి, టౌను ఆసుపత్రిలో కిటికీ పక్కన కూర్చుని ఆమె కోసం చూస్తున్నాడు.

ఇంత జరుగుతున్నా, గుమ్మం వెడల్పు చేయించుకో, ఎవరొద్దన్నారు అని ఆమెతో ఎవరూ అనలేదు. మార్ల్‌స్టెడ్ ఊళ్ళో ఆ మాట ఎవరూ అనరు. చర్చి సందులో ఆమె ఇల్లున్న మూడిళ్ళ వరస రక్షిత కట్టడం. ఊరి నడిబొడ్డంతా రక్షిత ప్రాంతమే. అక్కడ మేకు కొట్టాలన్నా జిల్లా ఆఫీసును అడగాలి. అడగకుండా కొడితే నేరం. ఆఫీసువాళ్ళు చూడకపోయినా ఊరి పరిరక్షణ సంఘం చూస్తుంది. ఆ సంఘానికి అధ్యక్షురాలు ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ మార్జరీ థర్లోనే.

ఆవిడ సామాన్యురాలు కాదు. డాక్టరుగారు ముచ్చటపడి పెట్టించుకున్న ప్లాస్టిక్ కిటికీలు పీకించింది. సారాకొట్టు మీది టీవీ డిష్షు దింపించింది. దుకాణం నడిపే బెరిల్ తలుపుకి పసుపు రంగు వేస్తే, అది ఈ ఊరి పసుపు కాదని మూడు మీటింగులు పెట్టించి, మళ్ళీ బూడిద రంగు వేయించింది. ఇళ్ళ గోడలకు ఏటా వేసే గులాబీ రంగు సున్నం కూడా మార్జరీ వేలితో తాకి సరే అన్నాకే బకెట్లోంచి గోడ మీదికి ఎక్కేది. ఊరు అందంగా ఉందంటే సగం ఆవిడ చలవే. ఆవిడంటే ఊళ్ళో చాలామందికి ఒళ్ళు మంటగా ఉందంటే అదీ ఆవిడ చలవే.

ఐవీ సంగతి ఈ చలవల్లో ఒకటి. ఐవీకి కాళ్ళు పోయినప్పుడు, కొడుకు డెరిక్ గుమ్మం వెడల్పు చేస్తానని అనుమతి అడిగాడు. డెరిక్ వడ్రంగి. పాత కలప పనిలో చెయ్యి తిరిగినవాడు. స్తంభాల జోలికి పోకుండా పక్కనున్న సన్న నిట్రాడొకటి జరిపి, పాత ఓక్‌తోనే కొత్త ద్వారబంధం పెడతానన్నాడు. జిల్లా ఆఫీసు ఊగిసలాడింది. ఊరి కౌన్సిల్ మీటింగులో మార్జరీ లేచి నిలబడి మాట్లాడింది. దాంతో అనుమతి రాలేదు.

అప్పటినుంచి డెరిక్ ఆమెతో మాట్లాడేది ఒకే మాట. ప్రతి ఉదయం సందులో పోతూ కంచె మీదుగా టోపీ ఎత్తి, "ఇల్లు కులాసానా, మిసెస్ థర్లో?" అని అడుగుతాడు. మనుషుల గురించి అడగడు. ఆబ్రీని అంబులెన్సు తీసుకుపోయిన మర్నాడు కూడా ఇంటినే అడిగాడు. మార్జరీ "కులాసాయే" అని లోపలికి వచ్చేసి, వంటింట్లో నిలబడి ఏడ్చింది.

ఇప్పుడావిడ కోటు తొడుక్కుని దుకాణానికి బయల్దేరింది. కొనాల్సిందేమీ లేదు. ఫోను అక్కడున్నట్టు ఇంట్లోనూ ఉంది. కానీ ఇంట్లో గోడలు తనని చూస్తున్నట్టుంది. దుకాణంలోంచి జిల్లా ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడ ఈ పనులు చూసే మిస్ లాంగ్లీ చిన్నపిల్ల, మర్యాదస్తురాలు.

"దరఖాస్తు పెట్టండి మిసెస్ థర్లో. తొందరగా అంటే ఎనిమిది వారాలు పడుతుంది. ఎవరైనా అభ్యంతరం చెప్తే ఇంకా ఆలస్యమవచ్చు. మరోటి... ఏమీ అనుకోకండి. మీ వరసలోవాళ్ళే సరిగ్గా ఇదే అడిగితే మీ సంఘమే వద్దందండీ."

"తెలుసమ్మా."

"అందుకని ఊరి కౌన్సిల్ ఏమంటుందన్నది ముఖ్యం."

మార్జరీ ఫోను పెట్టేసింది. బెరిల్ బిస్కెట్ డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నది.

"ఈ ఊళ్ళో తలుపు మార్చడం కంటే మొగుణ్ణి మార్చుకోవడం తేలిక," అంది బెరిల్. అనేశాక మార్జరీ మొహం చూసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, నా నోరు పడ! టీ తాగుతారా? కూర్చోండి తల్లీ, కాసేపు కూర్చోండి."

"కూర్చోలేను బెరిల్," అని మార్జరీ బయటపడింది.

అక్కణ్ణించి చర్చి దాకా వెళ్ళింది, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చింది. బాతుల గుంట చుట్టూ నడిచింది. టౌనుకెళ్ళే బస్సొస్తే ఎక్కేసింది. ఆసుపత్రిలో ఆబ్రీ ఆమెను చూడగానే ఎడమచేత్తో కోటు కొస పట్టుకున్నాడు. ఆ చేతి పట్టులో చిన్నపిల్లాడి భయముంది.

"ఎప్పుడు... ఇంటికి?" అన్నాడు. ఒక్కో మాటా రాయి మోసినట్టు మోసి బయటపెడుతున్నాడు.

"గుమ్మం సన్నం ఆబ్రీ. కుర్చీ పట్టడంలేదు."

ఆయన పెదవి ఒక పక్కకే నవ్వింది. "కిటికీలోంచి... పడెయ్."

"కిటికీ కూడా రక్షిత కట్టడమే," అంది మార్జరీ. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. విల్లోబ్యాంక్ మాట ఎత్తలేకపోయింది. ఆ మాట నర్సే ఎత్తింది. ఆబ్రీ నవ్వు ఆగిపోయింది గానీ, కోటు కొస మాత్రం వదల్లేదు. బస్సు వేళ దాటిపోతుందని మార్జరీ ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి కోటైనా విప్పలేదు. నేరుగా పెరటి కొట్టంలోకి వెళ్ళి ఆబ్రీ రంపం తెచ్చింది. గుమ్మం కుడి స్తంభానికి పళ్ళు ఆనించింది. అది ఇంటి మూలస్తంభం, పై గది బరువంతా దాని మీదే. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆ స్తంభం మీద చెయ్యేసి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అయినా సన్న నిట్రాడ జరపడం వడ్రంగి పని. స్తంభం కొయ్యడం ఒక రంపమూ ఒక పిచ్చిమనిషీ ఉంటే చాలు. ఆ క్షణంలో మార్జరీ దగ్గర ఆ రెండూ ఉన్నాయి.

రంపం లాగింది. ఓక్ చెక్క ఏళ్ళు గడిచి ఇనుములా తయారైంది. పళ్ళు జారాయి. మళ్ళీ లాగింది. కరకరమని మూడిళ్ళూ దద్దరిల్లాయి. నల్లటి చెక్క మీద పసుపురంగు గాటు ఒకటి పడింది. అది చూసి కూడా ఆపలేదు.

"ఇంకొంచెం కొయ్యండి. పై గది మంచంతో సహా నెత్తిన పడుతుంది. అప్పుడు తలుపుతో పనుండదు."

డెరిక్ క్యాచ్‌పోల్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మధ్యింట్లో ఎవరూ లేకపోవడంతో రంపం చప్పుడు గోడల గుండా అతని దాకా వెళ్ళింది. చేతిలో సగం తిన్న రొట్టెముక్క ఉంది.

"వెళ్ళి రిపోర్టు చేసుకో," అంది మార్జరీ రొప్పుతూ. "నేరం చేస్తున్నాను. వెళ్ళు! నీకు సంతోషంగా ఉంటుంది."

"ఉంటుంది," అన్నాడు డెరిక్. "అబద్ధం ఎందుకు చెప్పాలి? ఈ రోజు కోసం దేవుణ్ణి ఎన్నిసార్లు అడిగానో. మిసెస్ థర్లో రంపం పట్టుకుని తన ఇంటిని తానే కోస్తుంటే చూడాలని." రొట్టెముక్క జేబులో పెట్టుకుని వచ్చి ఆమె చేతిలోంచి రంపం లాక్కున్నాడు. "రంపం కూడా మొండిదే. ఆబ్రీ దీనికి పదును పెట్టడా?"

"సోమవారం ఆయన్ని విల్లోబ్యాంక్‌కి పంపుతున్నారు."

డెరిక్ గాటు మీద వేలు పెట్టి లోతు చూశాడు.

"ఆయనకి దారి కొత్తేం కాదులెండి," అన్నాడు చివరికి.

"అంటే?"

"గురువారాలు ఎక్కడికెళ్ళేవాడనుకున్నారు?"

"చేపలకి."

"ఒక్క చేపైనా తెచ్చాడా?" డెరిక్ నవ్వలేదు. "బస్సెక్కి మా అమ్మ దగ్గరికి వచ్చేవాడు. ఆమె పోయేదాకా ఒక్క వారం మానలేదు. పేకాడేవాళ్ళు. మీకు చెప్పొద్దన్నాడు, మీరు బాధపడతారంట. నాకైతే మీరు బాధపడితే బాగుండుననే ఉండేది."

మార్జరీ గుమ్మం మీద చతికిలబడింది. నిన్నటి నుంచి ఆవిడ కుదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆబ్రీ ఏనాడూ తనని ఒక్క మాట అనలేదు. మీటింగుల నుంచి గెలిచి వచ్చిన రోజుల్లో టీ పెట్టి ఇచ్చాడు. గురువారం వచ్చేసరికి గాలాలు భుజాన వేసుకుని వెళ్ళి, మార్జరీ చేసిన తప్పు పక్కన కూర్చుని వచ్చాడు.

"దరఖాస్తు పెట్టండి," అన్నాడు డెరిక్. "గీసిన బొమ్మ నా దగ్గరుంది. మూడిళ్ళూ ఒకే చేతి పని, మూడు గుమ్మాలూ ఒకే కొలత. అదే ఈ వరస అందమని మీరే కదా అన్నారు. కౌన్సిల్ మీటింగుకి నేనూ వస్తాను." వెళ్తూ వెళ్తూ కంచె దగ్గర ఆగాడు. "ఇక ఇంటి జోలికి పోకండి. పాపం, అదేం చేసింది."

మీటింగుకి వస్తానన్నాడే గానీ, వచ్చి ఏమంటాడో చెప్పలేదు. ఆ తర్వాతి వారాలు మార్జరీ ఆ ఒక్క మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. గేటుకి పసుపు నోటీసు కట్టారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. కుక్కల్ని తిప్పేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు, ఆఖరికి ఆ ప్లాస్టిక్ కిటికీల డాక్టరుగారూ ఆగి చదివారు. చదివి ఆమె కిటికీ వైపు చూసి, వాతావరణం గురించి ఒక మాట అని వెళ్ళిపోయారు. లోపల కర్టెను వెనక నిలబడి మార్జరీ ఒక్కో మొహం చదివేది. తను ఎవరి తలుపు, ఎవరి కిటికీ, ఎవరి గోడ కాదన్నదో అన్నీ వరసగా గుర్తొచ్చేవి.

రోజూ బస్సెక్కి విల్లోబ్యాంక్‌కి వెళ్ళేది. ఆబ్రీ తిండి తగ్గించేశాడు. మొదట్లో "ఎప్పుడు?" అని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. అడిగిన రోజుల కంటే అడగని రోజులు ఆమెకు నరకంగా ఉండేవి. ఒకరోజు ఉండబట్టలేక, "ఐవీతో పేకాడేవాడివట," అంది. ఆబ్రీ కళ్ళు దించుకున్నాడు. "ఎవరు గెలిచేవారు?" అని అడిగింది. ఆయన చాలాసేపు మాట కోసం వెతికి, "ఆవిడే... దొంగాట," అన్నాడు. ఆ రోజు మాత్రం నాలుగు చెంచాల సూపు తాగాడు.

మీటింగు రోజున ఊరి హాలు నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వానలో వచ్చారు. బెరిల్ టీ పోసింది, బిస్కెట్లు తిరిగాయి. మార్జరీకి కుర్చీ ఇచ్చారు గానీ ఆవిడ గోడకానుకుని నిలబడింది. వీధి దీపాల సంగతి, బాతుల గుంట సంగతి అయ్యాక కౌన్సిల్ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "థర్లో దంపతుల గుమ్మం. ఎవరికైనా అభ్యంతరముందా?" అన్నాడు.

డెరిక్ లేచాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"నేను చెప్పేది కొత్త మాటేమీ కాదు. ఈ హాల్లోనే విన్నదే. 'ఒక్క మనిషి కోసం ఇంటి ముఖం మార్చలేం. మనుషులు వస్తారు, పోతారు. ఇల్లు ఉంటుంది. మూడు తలుపుల వరస ఒక్కసారి చెడిందంటే ఎన్ని తరాలు ఏడ్చినా తిరిగి రాదు.'" ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. "మిసెస్ థర్లో మర్చిపోయుంటారేమోనని గుర్తు చేశాను. మా అమ్మ ఆ వెనక వరసలో కూర్చుని విన్నది. నాకు అభ్యంతరం లేదు."

కూర్చున్నాడు. అందరూ మార్జరీ వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు. ఆవిడ చేతిలోని టీ కప్పు కిటికీ అరుగు మీద పెట్టేసింది.

"అవి నా మాటలే," అంది. "అన్నప్పుడు ఐవీ మొహం చూడలేదు. చూసుంటే అనలేకపోయేదాన్నేమో. నేనన్నది తప్పు, డెరిక్. ఇవాళ నాకు అవసరమొచ్చి చెప్తున్నానని అందరూ అనుకుంటారు. నిజమే. అవసరం రాకపోతే నాకు తెలిసేది కాదు."

పెద్దాయన గొంతు సవరించుకుని, చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. డాక్టరుగారి చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది గానీ లేచింది.

అనుమతి వచ్చిన వారంలోనే డెరిక్ పని మొదలుపెట్టాడు. సన్న నిట్రాడ జరిపి, తడకా సున్నమూ విప్పి, చోటు చేశాడు. కలప కొనడానికి ఎప్పుడు వెళ్ళాలని మార్జరీ అడిగితే జవాబివ్వకుండా తన కొట్టంలోకి వెళ్ళి, ఒక ద్వారబంధం భుజాన వేసుకుని వచ్చాడు. తయారైపోయిన ద్వారబంధం. మూలల్లో చెక్క మేకులతో సహా సిద్ధంగా ఉంది, మీద దుమ్ము మాత్రం తుడిచినట్టుంది. ఎవరి కోసం చేసిందో అడగాల్సిన అవసరం లేకపోయింది. తీసుకొచ్చి నిలబెడితే సందు పూడ్చడానికి కూడా ఒక్క బద్ద కొట్టాల్సిన పని లేకుండా అమరిపోయింది. కుడి స్తంభం మీద మార్జరీ గాటు అలాగే ఉంది. దాన్ని పూడ్చనా అని అడిగితే ఆవిడ వద్దంది.

ఆబ్రీని తీసుకొచ్చిన రోజు గాలి గట్టిగా వీస్తోంది. కుర్చీని డెరిక్ తోస్తున్నాడు. మార్జరీ ముందుకీ వెనక్కీ తిరుగుతూ, దారికి అడ్డొచ్చినవి తీస్తూ, పిల్లిని తరుముతూ ఊరికే హైరానా పడుతోంది. కుర్చీ గుమ్మం దగ్గరికి వచ్చింది. రెండు పక్కలా చోటు మిగిలింది. ఆబ్రీ ఎడమచెయ్యి గాల్లో తడుముకుని, ద్వారబంధానికి లోపలివైపు ఉన్న కొయ్య పిడి మీద ఆగింది. కుర్చీలో కూర్చున్న మనిషికి అందేంత కిందుగా, నున్నగా చెక్కి పెట్టిన పిడి. పనంతా దగ్గరుండి చూసిన మార్జరీ దాన్ని అంతవరకూ గమనించలేదు. ఆబ్రీ దాన్ని పట్టుకుని, తన బరువు తానే లాక్కుని, గడప దాటాడు.

"బాగుంది," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మాట తడబడకుండా వచ్చింది.

మార్జరీ వంగి ఆ పిడిని తడిమి చూసింది. "ఐవీ దీన్ని ఎప్పుడైనా పట్టుకుని చూసిందా, డెరిక్?"

"లేదు. ఆదివారం కొట్టంలోంచి తెచ్చి చూపిస్తానన్నాను. ఈలోగా మీటింగయ్యింది." అతను కుర్చీ చక్రం సరిచూసి, సామాను సంచీ భుజాన వేసుకున్నాడు. "ఆబ్రీకి సూపు వేడిగా ఇవ్వండి."

"టీ తాగి వెళ్ళు."

"ఇవాళ వద్దు."

మార్జరీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. సందులోంచి చూస్తే వరస ఇక వరసలా లేదు. తన గుమ్మం ఒక్కటే వెడల్పుగా, నోరు తెరిచినట్టుంది. మధ్యింటిదీ, అవతల డెరిక్ ఇంటిదీ పాతవే. డెరిక్ సంచీని ముందుకు తెచ్చుకుని, ఒక భుజం ముందుగా లోపలికి పెట్టి, పక్కవాటుగా తన ఇంట్లోకి దూరాడు. వెనకే తలుపు మూసుకుంది. నల్లటి ఓక్, సన్నటి ద్వారం, ఎక్కడా ఒక్క గాటు లేదు. మార్జరీ కాపాడిన గుమ్మం అదే.